పురుష హార్మోన్ చికిత్స: సూది ఒక్కటే చాలదు

2018 ఏప్రిల్ నెలలో మా రాయ్‌పూర్ కార్యాలయ ఉద్యోగులకు వార్షిక వైద్య పరీక్షలు జరిగాయి. ఫలితాలు చేతికి వచ్చిన రోజున నా కాగితంలో హీమోగ్లోబిన్ 18.6 గ్రాములు అని ఉన్నది. ప్రక్క బల్ల వద్ద కూర్చునే మిత్రుడు దానిని చూచి, "మా ఇంటిల్లిపాదిలోనూ నాదే ఎక్కువ, అదీ పన్నెండున్నర. మీకేమండీ, అదృష్టవంతులు!" అని అభినందించారు. నేనూ సంతోషించాను. ఆ అంకె క్రిందనే హెమటోక్రిట్ 57 శాతం అని మరొక అంకె, దాని ప్రక్కన చిన్న నక్షత్రపు గుర్తు ఉన్నాయి. ఆ నక్షత్రం వంక చూచిన వారెవరూ లేరు, నాతో సహా.

ఇందుకు కారణం లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్‌లో రక్తం గురించిన భయమంతా అది తక్కువ కావడం గురించే. ఇక్కడి స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో బాధపడుతున్నారు. సికిల్ సెల్ వ్యాధి అనేక కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నది. దాని నిర్మూలనకు 2023 జులైలో జాతీయ స్థాయిలో ప్రత్యేక కార్యక్రమమే మొదలైంది. ఇటువంటి చోట హీమోగ్లోబిన్ 18 దాటితే అది శుభవార్తగానే వినిపిస్తుంది. అయితే అప్పటికే పాతికేళ్ళుగా కొలత పరికరాలతో ఉద్యోగం చేస్తున్న నాకు, ఏ మీటరుకైనా ఎర్రగీత క్రింద ఒకటి, పైన ఒకటి ఉంటుందని తెలియనిది కాదు. బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టం తగ్గినా యూనిట్ ట్రిప్ అవుతుంది, పెరిగినా ట్రిప్ అవుతుంది. నా శరీరం విషయంలో మాత్రం పై గీతను మరచాను.

ఆ మే నెలలో విజయనగరంలో బంధువుల ఇంట వివాహానికి వెళ్ళి, పగటి రైలులో తిరిగి వచ్చాము. 1931లో పూర్తయిన ఆ విజయనగరం–రాయ్‌పూర్ మార్గమే ఇక్కడి తెలుగు కుటుంబాలలో చాలామందికి పుట్టింటి దారి. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పన్నెండు గంటలకు పైబడిన ప్రయాణం. బయట వడగాలి. కిటికీ మూసుకొని, కాలు కదపకుండా కూర్చున్నాను. మాటిమాటికీ లేవవలసి వస్తుందని నీరు కూడా త్రాగలేదు. మరునాడు ఎడమ పిక్క బిగిసి, సాయంకాలానికి వాచింది. నరం పట్టిందని భావించి నూనె రాసి గట్టిగా మర్దన చేయించుకోబోయాను. వాపు ఒక్క కాలికే ఉండడం చూచి నా శ్రీమతి వద్దని వారించి ఆసుపత్రికి బయలుదేరదీసింది. డాప్లర్ పరీక్షలో లోపలి సిరలో రక్తం గడ్డకట్టినట్లు తేలింది. మర్దన చేసి ఉంటే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉండేదని వైద్యులు చెప్పారు.

వారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏయే మందులు వాడుతున్నారు?" అని. థైరాయిడ్ మాత్ర చెప్పాను. హైడ్రోకార్టిజోన్ చెప్పాను. చివరకు గొంతు తగ్గించి, "మూడు వారాలకొకసారి ఒక సూది" అన్నాను. గది బయట మా ఆఫీసు కుర్రవాడు నిలబడి ఉన్నాడు; అతనికి వినిపించకూడదని నా తాపత్రయం. ఆ సూది టెస్టోస్టెరాన్. అప్పటికి నాలుగేళ్ళుగా తీసుకుంటున్నాను. ఈ వ్యాసం వ్రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టడానికి కూడా ఆ గొంతు తగ్గించడమే కారణం.

ఎందుకు తీసుకోవలసి వచ్చింది

2014లో నాకు పీయూష గ్రంథిలో కణితి ఉన్నదని తేలి శస్త్రచికిత్స జరిగింది. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే ఈ గ్రంథి తన క్రింది గ్రంథులన్నిటికీ ఆజ్ఞలు పంపుతుంది. కణితితో పాటు ఆ శక్తి కూడా చాలావరకు పోవడం వలన థైరాయిడ్, అడ్రినల్, వృషణాలు మూడూ ఆజ్ఞలు లేక నిలిచిపోయాయి. మొదటి రెండింటి గురించి అందరితోనూ చెప్పుకోగలిగాను. మూడవ దానిని గురించి మన సమాజంలో మగవాడు నోరు విప్పడు. దానిని మగతనంతో ముడిపెట్టడమే ఇందుకు కారణం. నిజానికి ఈ హార్మోన్ లోపించినపుడు నాకు ముందుగా తెలిసింది నీరసం, కండలు తగ్గడం, మీసం గడ్డం పలుచబడడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం. ఎముకలు కూడా బలహీనపడతాయి.

పీయూష గ్రంథి వ్యాధులు మాత్రమే కాక, పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ స్థితి, యుక్తవయస్సులో గవదబిళ్ళలు వృషణాలకు సోకడం, క్యాన్సర్‌కు రేడియేషన్, కీమోథెరపీ మొదలైన కారణాల వలన కూడా ఈ లోపం ఏర్పడుతుంది. వీరిలో చాలామందికి చికిత్స జీవితాంతం అవసరం. అందువలననే దీర్ఘకాలంలో వచ్చే దుష్ఫలితాల ప్రసక్తి. నాలుగు రోజులు వాడి మానే మందు అయితే ఇంత చెప్పనవసరం లేదు.

వయస్సు మీరడం వలన కొద్దిగా తగ్గిన వారి సంగతి వేరు. 2015లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, కేవలం వయోభారం వలన తగ్గిన వారికి ఈ చికిత్స ప్రయోజనం, భద్రత నిర్ధారణ కాలేదని స్పష్టం చేసింది. స్థూలకాయం, మధుమేహం గలవారిలో కూడా ఇది తగ్గుతుంది. చాలామందిలో బరువు తగ్గితే దానంతట అదే కొంత పెరుగుతుంది. ఉదయం వేళ, పరగడుపున, రెండు వేర్వేరు రోజులలో చేసిన పరీక్షలు రెండూ తక్కువగా వస్తేనే లోపం ఉన్నట్లు నిర్ణయిస్తారు. మధ్యాహ్నం భోజనానంతరం చేయించిన ఒక్క పరీక్షతో సూదికి సిద్ధపడవద్దని మనవి.

గవర్నర్ మూతపడుతుంది

టర్బైన్‌కు గవర్నర్ ఎటువంటిదో, మెదడులోని హైపోథాలమస్, దాని క్రింది పీయూష గ్రంథి ఈ హార్మోన్‌కు అటువంటివి. రక్తంలో టెస్టోస్టెరాన్ తగ్గితే అవి సంకేతం పెంచుతాయి, పెరిగితే తగ్గిస్తాయి. ఆరోగ్యవంతుని శరీరం రోజుకు సుమారు 5 నుండి 7 మిల్లీగ్రాములు తయారు చేసుకుంటుంది. బయటి నుండి సూది ద్వారా పంపినపుడు, సరఫరా సమృద్ధిగా ఉన్నదని భావించి గవర్నర్ సంకేతాన్ని పూర్తిగా మూసివేస్తుంది. దానితో వృషణాలలో ఉత్పత్తి ఆగుతుంది. వాటి పరిమాణం తగ్గుతుంది. ముఖ్యంగా, వీర్యకణాల తయారీ కూడా నిలిచిపోతుంది.

నా గవర్నర్ ముందే చెడినది కనుక నాకు క్రొత్తగా పోయినది లేదు. ఆరోగ్యవంతులైన యువకుల విషయంలో ఇది అన్యాయం. వ్యాయామశాలలో కండలు పెరగడానికని ఇచ్చే సూదులలో తరచుగా ఉండేది ఈ మందే. టెస్టోస్టెరాన్ సంతానానికి తోడ్పడుతుందని చాలామంది అనుకుంటారు. వాస్తవం అందుకు పూర్తిగా విరుద్ధం. దీనిని పురుషులకు గర్భనిరోధక సాధనంగా వాడవచ్చునా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలు జరిపించి, 1990లో ఫలితాలను ప్రచురించింది. వారం వారం సూది తీసుకున్నవారిలో అధిక సంఖ్యాకులకు వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. ఆపిన తరువాత చాలామందిలో మరల వస్తాయి గాని, అందుకు 6 నుండి 12 నెలలు, కొందరికి అంతకు మించి పడుతుంది. మనకు పరిచయమున్న ఒక ఇంట పెళ్ళై మూడేళ్ళయినా పిల్లలు లేరని కోడలికి పరీక్షల మీద పరీక్షలు చేయించారు. అబ్బాయి వ్యాయామశాలలో రెండేళ్ళపాటు ఏమి తీసుకున్నాడో ఎవరూ అడుగలేదు. అతనూ చెప్పలేదు. సంతానం కోరుకునే వారికి హార్మోన్ లోపం నిజంగానే ఉన్నా, గవర్నర్‌ను మూయకుండా వృషణాలనే పనిచేయించే వేరే సూదులు ఉన్నాయి. అందువలన చికిత్స ప్రారంభించక ముందే ఈ మాట వైద్యునితో చెప్పాలి.

పాల లెక్క క్యాలెండరు

మరల నా కథకు వస్తాను. నాకు ఇస్తూ వచ్చినది టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ 250 మిల్లీగ్రాములు, మూడు వారాలకొకసారి. కాలు వాపు తగ్గి కొంత స్థిమితపడ్డాక ఒక కాగితం తీసుకొని లెక్క వేశాను. ఎనాంథేట్ బరువులో అసలు టెస్టోస్టెరాన్ 72 శాతం. అనగా 250కి 180 మిల్లీగ్రాములు. 21 రోజులకు పంచితే రోజుకు సుమారు 8.6. శరీర సహజ ఉత్పత్తి కంటె కొంత ఎక్కువే గాని, మరీ ఘోరం కాదు. అయితే సగటు అనేది మోసగించే అంకె. మందు రోజుకు 8.6 చొప్పున రాదు. మొదటి రెండు మూడు రోజులలో శిఖరానికి చేరి, తరువాత జారుతూ, మూడవ వారానికి మామూలు హద్దు కంటె దిగిపోతుంది. ఒక పెద్ద కెరటం, తరువాత ఎండు కాలువ.

ఈ సంగతిని ప్రయోగశాల కంటె ముందు కనిపెట్టినది నా శ్రీమతి. మా వంటింట్లో వ్రేలాడే తెలుగు క్యాలెండరులో ఆమె పాల ప్యాకెట్ల లెక్క వ్రాస్తుంది. సూది వేయించుకున్న తేదీ ప్రక్కన 'సూ' అని చిన్న అక్షరం వేసేది. వైద్యుని ఎదుట ఆమె చెప్పిన మాటలు ఇవి: "సూది పడిన నాలుగైదు రోజులు ఈయనకు కోపం ముక్కు మీదే ఉంటుందండీ. ముఖం కూడా ఎర్రగా ఉంటుంది. పదిహేను రోజులు దాటితే పిలిచినా పలుకరు. మళ్ళీ సూది పడితేనే మనిషి." వైద్యుడు నవ్వి, మీరు చెప్పినదే మేము గీసే గ్రాఫ్ అమ్మా అన్నారు. పన్నెండేళ్ళ మా అబ్బాయి నాలుగేళ్ళుగా నాన్న కోపాన్ని ఆ అక్షరాన్ని బట్టి అంచనా వేసేవాడని అప్పుడే తెలిసింది. మార్కుల కాగితం మీద సంతకం కావలసినపుడు క్యాలెండరు చూచి వచ్చేవాడట.

కొలిచే రోజు కూడా ఇందువలననే ముఖ్యం. పంపు ఆన్ చేసిన మరుక్షణం పీడనం చూచి నివేదిక వ్రాసే ఇంజనీరు ఉండడు. సూది వేసిన మూడవ రోజున రక్తమిస్తే అంకె ఎక్కువగాను, చివరి రోజున ఇస్తే తక్కువగాను వస్తుంది. రెండింటిని బట్టీ మోతాదు మార్చితే రెండుసార్లూ తప్పే. ఎనాంథేట్ వంటి స్వల్పకాలిక సూదులకు రెండు సూదుల నడిమధ్య రోజున పరీక్షించి, అప్పుడు డెసిలీటరుకు 350 నుండి 600 నానోగ్రాముల నడుమ ఉండేటట్లు చూడమని 2018లో వెలువడిన అమెరికా ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్‌డెకనోయేట్ అనే దీర్ఘకాలిక సూదికి మాత్రం తరువాతి సూదికి ముందు రోజుల్లో పరీక్షిస్తారు. పరీక్ష కాగితం మీద చివరి సూది తేదీని వ్రాయించడం నేను తప్పనిసరి చేసుకున్నాను. ఆ తేదీ లేని అంకెకు అర్థం లేదు.

రక్తం చిక్కబడడం

దీర్ఘకాలిక చికిత్సలో అన్నిటికంటె తరచుగా ఎదురయ్యే దుష్ఫలితం ఇదే, నన్ను మంచం పట్టించినదీ ఇదే, కనుక కొంత వివరంగా చెబుతాను.

హెమటోక్రిట్ అంటే రక్తం పరిమాణంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే కొలత. టెస్టోస్టెరాన్ రెండు విధాలుగా దీనిని పెంచుతుంది. ఒకటి, ఎర్రకణాలను తయారుచేయమని ఎముకల మజ్జకు చెప్పే ఎరిత్రోపోయిటిన్‌ను ప్రేరేపిస్తుంది. రెండు, ఇనుమును అదుపులో ఉంచే హెప్సిడిన్ అనే పదార్థాన్ని తగ్గిస్తుంది. దానితో ప్రేగుల నుండి ఇనుము ఎక్కువగా లోపలికి వస్తుంది. అనగా పనివారినీ పెంచి, గోడౌను తలుపులూ తెరుస్తుంది. స్త్రీలకంటె పురుషులలో హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడానికి ఈ హార్మోనే ప్రధాన కారణం. మితంగా ఉన్నంతవరకు అది మేలే. హద్దు దాటితే రక్తం చిక్కబడి, నాళాలలో దాని నడక మందగిస్తుంది. తలనొప్పి, చెవులలో హోరు, ముఖం ఎర్రబారడం దాని ఆనవాళ్ళు. ఆ మూడూ నాకు ఉండేవి. ఎండ వలన అనుకున్నాను. రాయ్‌పూర్‌లో ఏప్రిల్, మే నెలలలో ఎండ వలన అనుకోవడానికి వీలులేని జబ్బు లేదు.

స్వల్పకాలిక సూదులు తీసుకునేవారిలో ఈ ఇబ్బంది జెల్ వాడేవారికంటె ఎక్కువ. కెరటం ఎంత ఎత్తుకు లేస్తే మజ్జకు అంత పెద్ద కేక వినిపిస్తుంది. పొగత్రాగేవారిలోను, రాత్రి గురకతో ఊపిరి ఆగే వ్యాధి గలవారిలోను హెమటోక్రిట్ ముందే ఎక్కువగా ఉంటుంది కనుక వారికి మరింత ప్రమాదం. మార్గదర్శకాల ప్రకారం చికిత్సకు ముందు ఒకసారి, తరువాత 3 నుండి 6 నెలలలోపు ఒకసారి, పిమ్మట ఏటా హెమటోక్రిట్ చూడాలి. మొదటే 48 శాతం మించి ఉంటే కారణం కనుగొనకుండా సూది మొదలుపెట్టకూడదు. చికిత్సలో 54 దాటితే సూది ఆపాలి, అంకె దిగిన తరువాత తక్కువ మోతాదుతో మరల మొదలుపెట్టాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పరీక్ష కాదు. సాధారణ రక్తపరీక్షలోనే ఆ అంకె ఉంటుంది. నా సూదులు ఒకచోట, రక్తపరీక్షలు మరొకచోట. ఈ కాగితం ఆ బల్ల మీదకు ఏనాడూ వెళ్ళలేదు. ఆ కాగితాన్ని మోసుకుపోవలసినవాడిని నేనే. సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి ఈ మందుల కరపత్రాలలో హెచ్చరిక చేర్చాలని 2014లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నా సూది పెట్టెలలోని కరపత్రాలను నేను ఒక్కసారి కూడా విప్పి చదువలేదు. క్రొత్త పంపు వస్తే దాని మాన్యువల్ చదువకుండా స్విచ్ వేయనివ్వని మనిషిని నేను.

సూది ఆపారు. ఒకసారి చేతి సిర నుండి 350 మిల్లీలీటర్ల రక్తం తీశారు. చికిత్స కొరకు తీసిన ఆ రక్తాన్ని ఎవరికీ ఎక్కించరని, పారవేస్తారని తెలిసి మనసు చివుక్కుమన్నది. సికిల్ సెల్ పిల్లల కొరకు తల్లిదండ్రులు రక్తం వెదకే ఊరిలో ఒక సంచీడు రక్తం వ్యర్థమైంది. అయితే రక్తం తీయడం తాత్కాలిక ఉపాయమే. మోతాదు సరిచేయకుండా మాటిమాటికీ తీస్తూ పోతే శరీరంలోని ఇనుము నిల్వలు హరించి, మనిషి క్రొత్త నీరసంలో పడతాడు. ఆ నీరసాన్ని హార్మోన్ తగ్గడం వలన అని పొరబడి సూది పెంచిన సందర్భాలూ ఉంటాయి. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. సూది ఆపిన మరునాడే అంకె దిగదు. నాకు 48కి రావడానికి మూడు నెలలు పట్టింది. రక్తం పలుచబరిచే మాత్రలు ఆరు నెలలు వాడాను.

ఆ మూడు నెలలు సూది లేక పడిన అవస్థ కూడా చెప్పాలి. మెట్లు ఎక్కలేకపోయాను. డ్రాయింగు ముందు కూర్చుంటే గీతలు కనిపించేవి, అర్థం కనిపించేది కాదు. అందుకే ఈ వ్యాసం చదివి భయపడి ఎవరూ తమంతట తాము సూది మానవద్దు. నాకు మరల మొదలుపెట్టినపుడు 250 బదులు 100 మిల్లీగ్రాములు, మూడు వారాల బదులు రెండు వారాలకొకసారి ఇచ్చారు. లెక్క వేస్తే రోజుకు 5.1. తరువాత దీర్ఘకాలిక అన్‌డెకనోయేట్‌కు మార్చారు. 1000 మిల్లీగ్రాముల సూది 14 వారాలకొకసారి. రోజుకు సుమారు 6.4, అదీ చాలావరకు సమంగా. నూనెతో కూడిన మందు కనుక మెల్లగా ఎక్కించాలి, కొంతసేపు అక్కడే కూర్చోవాలి. అరుదుగా కొందరికి వెంటనే దగ్గు, ఆయాసం రావచ్చును.

గుండె, ప్రోస్టేట్, ఇతర భయాలు

గుండెజబ్బు వస్తుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. వృద్ధులపై జరిగిన ఒక పరిశోధనను గుండె సంబంధిత సంఘటనలు ఎక్కువైనందున మధ్యలో ఆపివేశారని 2010లో ప్రచురితమైంది. అప్పటినుండి వివాదం నడిచింది. 2023లో ట్రావర్స్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. గుండెజబ్బు ఉన్న లేక వచ్చే అవకాశం అధికంగా ఉన్న 45 నుండి 80 ఏళ్ళ పురుషులు 5,200 మందికి పైగా పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి హార్మోన్ జెల్ పొందినవారిలో 7.0 శాతం, ఉత్తుత్తి జెల్ పొందినవారిలో 7.3 శాతం. అనగా తేడా లేదు. అయితే గుండె లయ తప్పడం (3.5, 2.4 శాతం), ఊపిరితిత్తుల నాళాలలో గడ్డ (0.9, 0.5 శాతం), మూత్రపిండాలకు హఠాత్తుగా హాని (2.3, 1.5 శాతం) హార్మోన్ పొందినవారిలో ఎక్కువ. ఎముకలకు బలమిస్తుందనుకున్న మందే అయినా, వారిలో ఎముకలు విరగడం కూడా కొంత ఎక్కువని 2024లో ప్రకటించారు. ఇది ఎందుకో నాకు బోధపడలేదు.

ఈ ఫలితాలను చూపి "ప్రమాదం లేదని తేలింది" అని ప్రచారం చేసేవారు ఒక సంగతి విడిచిపెడతారు. ఆ పరిశోధనలో ప్రతి ఒక్కరికీ క్రమం తప్పక రక్తపరీక్షలు చేసి, హెమటోక్రిట్ 54 దాటనీయకుండా మోతాదు తగ్గిస్తూ వచ్చారు. కొలిచి ఇచ్చిన మందుకు వచ్చిన ఫలితమది. కొలవకుండా ఇచ్చే మందుకు వర్తించదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ గుండెపోటు హెచ్చరికను సవరించి, అన్ని టెస్టోస్టెరాన్ మందులపైనా రక్తపోటు పెరుగుదల గురించిన హెచ్చరిక ఉండాలని కోరింది. ఇంట్లో బి.పి. చూచుకునే పరికరం ఉన్నవారు సూది తరువాతి వారంలో కూడా చూచుకోవడం మంచిది.

ప్రోస్టేట్ విషయం. 1941లో చార్లెస్ హగ్గిన్స్ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఈ హార్మోన్‌తో సంబంధమున్నదని చూపారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఉన్న క్యాన్సర్‌కు ఈ మందు ఇవ్వకూడదన్నది సాధారణ నియమం. లేనివారిలో క్రొత్తగా పుట్టిస్తుందనడానికి ఆధారం దొరకలేదు. అయినా చికిత్స ప్రారంభించిన ఏడాదిలోపు పి.ఎస్.ఎ. అంకె 1.4 మించి పెరిగినా, మరల చూచినపుడు కూడా 4 దాటినా యూరాలజీ వైద్యుని కలవాలి. మూత్రధార సన్నబడితే అంకె కోసం ఎదురుచూడనవసరం లేదు.

మొటిమలు, జిడ్డు చర్మం, కాళ్ళ వాపు, కొందరిలో రొమ్ములు పెరగడం వంటివి సాధారణంగా మోతాదు సరిచేస్తే సర్దుకుంటాయి. గురక విషయంలో సాక్ష్యం ఇల్లాలిదే. గురక మధ్య ఊపిరి ఆగుతున్నదని ఆమె చెబితే వైద్యునికి చెప్పాలి.

జెల్ వాడేవారి ఇళ్ళలో పసిపిల్లలు ఉంటే మరొక జాగ్రత్త. భుజానికి రాసిన జెల్ ఎత్తుకున్న మనుమరాలి చర్మానికి అంటుతుంది. పిల్లలలో అకాలంగా యుక్తవయస్సు లక్షణాలు కనిపించిన ఉదంతాల మీదట 2009లో అమెరికాలో దీనిపై తీవ్రమైన హెచ్చరిక విధించారు. రాసిన చోటు ఆరనిచ్చి, చొక్కా కప్పి, చేతులు సబ్బుతో కడుగుకోవాలి. ఆ తువాలు వేరుగా ఉండాలి. వేసవిలో బనియను మాత్రమే ధరించి, ఇంటిల్లిపాదీ కూలర్ ముందు చాపలు పరచుకొని పడుకునే ఇళ్ళు మనవి.

మన ఎండలలో

ఇక మన వాతావరణం. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలు అవుతుంది. చెమటతో నీరు పోతే రక్తంలో ద్రవభాగం తగ్గి, ఎర్రకణాలు పెరగకపోయినా హెమటోక్రిట్ ఎక్కువగా కనిపిస్తుంది. రోజంతా సైటు మీద తిరిగి వచ్చి రక్తమిస్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది. ముందు రోజు నుండి నీరు బాగా త్రాగి ఇవ్వాలి. మరొక వైపు, నిజంగానే 53 ఉన్నవానికి నీరు తగ్గడం తీవ్రమైన ప్రమాదం. నా కథలో రైలు ప్రయాణం చేసిన పని అదే. ఇప్పుడు విజయనగరం వెళ్ళినపుడు ప్రతి పెద్ద స్టేషనులోనూ లేచి పెట్టె ఈ చివరి నుండి ఆ చివరకు నడుస్తాను. సీసాలో మజ్జిగ ఉంటుంది. టీ అమ్మే కుర్రవాళ్ళు నన్ను టీటీఈగా భావించి దారి ఇస్తుంటారు.

ఊరిలో సదుపాయాలు పెరిగాయి. 1963లో స్థాపించిన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది, 2012 నుండి టాటీబంద్‌లో ఎయిమ్స్ ఉన్నది. ఈ మందు షెడ్యూల్ హెచ్‌లోనిది, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అయినా పాత చీటీని ఏళ్ళ తరబడి చూపుతూ సూది తెచ్చుకునేవారు ఉన్నారు. నేనూ అలాగే నాలుగేళ్ళు గడిపాను. పీయూష గ్రంథి శస్త్రచికిత్స అయినవారు మరొక మాట గుర్తుంచుకోవాలి: టెస్టోస్టెరాన్ రెండు వారాలు ఆలస్యమైతే నీరసమే, హైడ్రోకార్టిజోన్ రెండు రోజులు తప్పితే ప్రాణానికే ముప్పు. ప్రయాణంలో ముందుగా సర్దుకోవలసినది ఆ మాత్ర.

మా వంటింటి క్యాలెండరులో ఇప్పుడు 'సూ' ఏడాదికి మూడు నాలుగు చోట్ల మాత్రమే కనిపిస్తుంది. దాని ముందు వారంలో 'ర' అని ఉంటుంది; అది రక్తపరీక్ష. కాగితాలన్నీ ఒకే ఫైలులో తేదీల వారీగా ఉన్నాయి. ఆ ఫైలు నా శ్రీమతి అధీనంలో ఉన్నది, నాకు చూచే అనుమతి కలదు. పోయిన వార్షిక పరీక్షలో హెమటోక్రిట్ 48, హీమోగ్లోబిన్ 16.1 వచ్చాయి. ప్రక్క బల్ల మిత్రుడు ఆ కాగితం చూచి, "అయ్యో, బాగా తగ్గిపోయిందేమండీ! ఖర్జూరాలు తినండి" అన్నారు.